మొక్కకు ఎడమ పక్క

జరిగినవి జరిగిన వరసలోనే ముందు రాస్తాను. మిగతాది ఆ తరువాత.

1. మంగళవారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు గుంటూరు ఆసుపత్రిలో మా వదిన కన్నుమూసింది. అప్పుడు నేను మంచం పక్కన లేను. కింద మందుల దుకాణం ముందు వరసలో నిలబడి ఉన్నాను.

2. ఐదు గంటల యాభై నిమిషాలకు నా భార్య మెట్ల మీద నుంచి నన్ను పేరు పెట్టి పిలిచింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి. విషయం నాకు ఆ పిలుపులోనే తెలిసింది.

3. చీటీలో రాసిన నాలుగు మందుల్లో రెండు అప్పటికే తీసుకున్నాను. వాటిని వెనక్కి ఇవ్వలేదు.

4. ఎనిమిదిన్నరకు ఆసుపత్రి గుమాస్తా కాగితం నింపుతూ ఆమె వృత్తి ఏమిటని అడిగాడు. వ్యవసాయం అన్నాను. ఆయన గృహిణి అని రాశాడు. దిద్దమని అడిగాను. కాసేపు నా వైపు చూసి దిద్దాడు.

5. పదకొండు గంటలకు ఊరు చేరాం. మా పక్క చేను రైతు, మేము సాయిబు గారు అని పిలిచే పెద్దమనిషి, అప్పటికే తన ట్రాక్టరులో కట్టెలు వేయించి ఉంచారు.

6. సాయంత్రం నాలుగు గంటలకు దహనం జరిగింది. ఆమెకు పిల్లలు లేరు కనుక, మరిదినైన నేనే తలకొరివి పెట్టాను. పెట్టదగినవాణ్ణి అవునో కాదో నాకు తెలియదు. ఈ కింద రాయబోయేది ఆ సంగతే.

పాఠకులు మన్నించాలి. మనిషి పోయినప్పుడు రాసే మాటలకు ఇలా అంకెలు వేయకూడదని నాకూ తెలుసు. నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ తరువాత నేర్చుకున్నదంతా విత్తనాల సంచుల మీద, పురుగుమందుల డబ్బాలతో ఇచ్చే కరపత్రాల్లో, పొట్లాలు కట్టిన పాత పత్రికల్లో చదివి నేర్చుకున్నదే. అలా నేర్చుకున్నవాడికి వరస తప్పుతుందేమోనని ఎప్పుడూ భయం. అందుకే ఏ పనికైనా ముందు ఒక జాబితా రాసుకుంటాను. మా వదిన జీవితంలో జరిగిన పెద్ద నష్టం అటువంటి ఒక జాబితా దగ్గరే మొదలైంది.

మాది ప్రత్తిపాడుకు దక్షిణాన ఉన్న నల్లరేగడి ఊరు. ఒక పొలం చెక్కలో పత్తి, ఒక చెక్కలో మిరప వేసేవాళ్ళం. మా అన్నయ్య నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. వదిన పొదిలి దగ్గరి మెట్ట ఊరి నుంచి వచ్చింది. ఆమె కాపురానికి వచ్చేటప్పటికి మా అమ్మ లేదు, నాకు పదమూడేళ్ళు. అప్పటి నుంచి నాకు అన్నం పెట్టింది ఆమే. ఇంకా కావాలా అని అడిగే అలవాటు ఆమెకు లేదు. కంచం వైపు చూసి వడ్డించేది. చాలని నేను చెయ్యి అడ్డం పెడితే, చేతి మీదే వడ్డిస్తాను చూసుకో అనేది.

తొంభైల చివర మా వైపు పత్తి వేసినవారికి ఆ సంవత్సరాల గురించి చెప్పనక్కరలేదు. వేయనివారి కోసం చెబుతున్నాను. కాయ తొలిచే పచ్చపురుగు ఏ మందుకూ లొంగకుండా పోయింది. సాయంత్రం మందు కొడితే ఉదయానికి అదే ఆకు మీద పాకుతూ కనిపించేది. ఒక మందుకు చావనిది రెండు కలిపితే చస్తుందని, దానికీ చావకపోతే మూడు కలపాలని ఊళ్ళో ఎవరికి తోచింది వారు కలిపేవారు. నేను కరపత్రాలన్నీ చదివి, ఏ మందులో ఏది ఎన్ని మూతలు పోయాలో ఒక జాబితా తయారు చేసి మా తలుపుకు లోపలి వైపు అంటించాను. అందులో ఎక్కడా రెండుకు మించి లేవు. మూడోది కలపవద్దని అడిగినవారందరికీ గట్టిగా చెప్పేవాణ్ణి. సాయంత్రాలు రైతులు వచ్చి ఆ కాగితం చూసి పోతుంటే నాకు గర్వంగా ఉండేది. పురుగు చావకపోయేసరికి వాళ్ళే ఎగతాళి మొదలుపెట్టారు. "ఏరా, నీ చీటీ మనం చదివాం సరే, పురుగులకు చదివి వినిపించావా?" అని రచ్చబండ మీద నవ్వారు. ఆ నవ్వు నాకు నాటుకుంది.

ఆ సంవత్సరం పైరు మొగ్గ మీద ఉండగా తండ్రికి బాగాలేదని వదిన పుట్టింటికి వెళ్ళింది. వెళ్తూ నాతో ఒక మాట చెప్పింది. మందు కొట్టిన రోజు మీ అన్నకు తల తిరుగుతోంది, ఘాటైనవి కలపకండి అని. సరే అన్నాను. ఆమె వెళ్ళిన మూడో రోజున నా జాబితాను నేనే దాటాను. ముందు మా చేలో కొట్టి చూసి, పని చేస్తే ఊరికి చెబుదామని మూడో మందు కలిపాను.

డ్రమ్ములో పోసింది నేను. కర్రతో తిప్పింది నేను. ట్యాంకు వీపున వేసుకుని సాలులోకి దిగింది అన్నయ్య. ఎండ ఎక్కినా ఆపలేదు. పదకొండున్నర ప్రాంతంలో సాలు మధ్యలో కూర్చుండిపోయాడు. అలిసిపోయాడనుకున్నాను. దగ్గరికి వెళ్ళేసరికి నోటి వెంట నురుగు వస్తోంది, కంటిపాప ఆవగింజంత అయింది. పక్క చేలో మిరపకు నీళ్ళు పెడుతున్న సాయిబు గారు పరుగున వచ్చారు. ఆయన ట్రాక్టరు మీదే గుంటూరు తీసుకెళ్ళాం.

డాక్టరు మొట్టమొదట అడిగింది, ఏ మందులు కొట్టాడో పేర్లు చెప్పమని. రెండు పేర్లు చెప్పాను. మూడోది చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని పదేళ్ళుగా ఆలోచిస్తున్నాను. మా వెనకే మోటారు సైకిళ్ళ మీద వచ్చిన ఊరివాళ్ళు ఐదుగురు ఆ వరండాలో నిలబడి ఉన్నారు. ఐదుగురూ నా జాబితా చూసి మందు కొట్టినవారే, మూడోది కలపవద్దని నా చేత చెప్పించుకున్నవారే. వాళ్ళ ముందు నాకు నోరు రాలేదు. ఇంతకన్నా పెద్ద కారణం వెతికాను, దొరకలేదు. ఆ మూడోదే వాటన్నిటిలోకీ ఘాటైనది. చెప్పి ఉంటే అన్నయ్య బతికేవాడో లేదో నాకు తెలియదు. మర్నాడు తెల్లవారుతుండగా పోయాడు. వదిన పొదిలి బస్సు దిగి వచ్చేటప్పటికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

ఆ తరువాత ఏడాది పాటు ఆమె చేతులు వణికాయి. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు ఒలికేవి. పొయ్యి దగ్గర అగ్గిపుల్ల నాలుగుసార్లు గీసినా వత్తికి అందేది కాదు. పనంతా అయ్యాక మందు డబ్బాలు ఉంచే కొట్టం ఎదురుగా కూర్చుని ఆ తలుపు వైపే చూసేది. నా భార్య ఆ కొట్టానికి తాళం వేసి, తాళంచెవిని పిన్నీసుతో తన తాళిబొట్టు తాడుకు తగిలించుకుంది. స్నానానికి వెళ్ళినా అది ఆమె మెడలోనే ఉండేది.

మరుసటి ఖరీఫులో మా ఊరికి పొలంబడి వచ్చింది. వ్యవసాయ శాఖ వారు వారానికి ఒక ఉదయం రైతులను చేలోనే కూర్చోబెట్టి నడిపే బడి అది. అందుకు మా చేను ఎంచుకున్నారు. పొలం అప్పటికి వదిన పేరు మీదికి మారింది. నీ బదులు నేను వెళ్తానన్నాను. "అక్కడ నా పేరు పిలుస్తారు. నువ్వు పలుకుతావా?" అని చెంగు నిండుగా కప్పుకుని బయలుదేరింది. పాతికమంది మగవాళ్ళ మధ్య ఆమె ఒక్కతే ఆడమనిషి.

ఆ బడిలో పాఠమంటే బొమ్మ వేయడమే. జట్లుగా చేలోకి వెళ్ళి మొక్కను ఆకు ఆకూ తిప్పి చూడాలి. తిరిగి వచ్చి పెద్ద కాగితం మధ్యలో ఆ మొక్క బొమ్మ వేయాలి. పంటను తినే పురుగులను మొక్కకు ఎడమ పక్కన, ఆ పురుగులను తినే పురుగులను కుడి పక్కన వేయాలి. పైన ఎండో మబ్బో వేయాలి. అదంతా చూసుకుని, మందు కొట్టాలా వద్దా అన్నది అడుగున రాయాలి. మొదటి రోజున అధికారి ఒక నియమం చెప్పారు. చూసింది వెయ్యండి, అనుకున్నది వెయ్యకండి అని. ఆయన ఎన్ని ఊళ్ళలో చెప్పారో తెలియదు. దాన్ని అక్షరాలా పట్టుకున్నది మాత్రం మా వదిన.

రెండో వారమో మూడో వారమో ఒక సంగతి జరిగింది. ఒళ్ళంతా ముళ్ళతో, నల్లగా, నారింజ రంగు మచ్చలతో ఒక పిల్లపురుగు దొరికింది. అన్ని జట్లవాళ్ళూ దాన్ని ఎడమ పక్కనే వేశారు. వదిన ఒప్పుకోలేదు. అది ఆకు రసం పీల్చే పేనుబంకను తింటుంటే అరగంట కూర్చుని చూశానన్నది. ఒక రైతు, "దాని మొహం చూస్తే అలా లేదమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "మొహం చూసి ఎడమ పక్కన పెడతామా?" అన్నది. అది అక్షింతల పురుగు పిల్ల అనీ, మన పక్షమే అనీ అధికారి చెప్పారు. ఎర్రటి గుండ్రటి వీపు మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగును మేమందరం ఎరుగుదుం. దాని పిల్ల అలా ఉంటుందని ఎవరికీ తెలియదు. నా తలుపు మీది జాబితాలో ఆ పిల్లపురుగును చంపే మందు కూడా ఉంది. ఇంటికి వచ్చి ఆ కాగితం చింపేశాను.

ఆ వారంలోనే ఆమె నన్ను తెల్లకాగితాల పుస్తకం ఒకటి తెమ్మన్నది. చిలకలూరిపేట వెళ్ళి మందపాటి కాగితాల డ్రాయింగు పుస్తకం, మూడు పెన్సిళ్ళు తెచ్చాను. ఊరుకోలేక ప్రతి పేజీ పైన తేదీకి, గంటకు, వాతావరణానికి గళ్ళు గీసి ఇచ్చాను. ఆమె ఆ గళ్ళు చూసి, వాటి మీద నుంచే మొక్కను గీసింది. ఎందుకలా అంటే, పెరిగే మొక్క నీ గళ్ళు చూసుకుని ఆగుతుందా అన్నది. రెండో పుస్తకానికి గళ్ళు గీయలేదు.

బొమ్మ వేసే పద్ధతి ఆమెది ఆమెకే ఉండేది. విత్తనం మొలిచిన వారానికి చేలో ఒక మొక్కను ఎంచుకుని దాని పక్కన పుల్ల గుచ్చి, పుల్లకు గుడ్డపీలిక కట్టేది. ఆ పంటకాలమంతా ఆ ఒక్క మొక్కనే వేసేది. ఎండ ముదరకముందే గోనెసంచి పరుచుకుని దాని ఎదురుగా కూర్చునేది. పెన్సిలు కొడవలితో చెక్కేది. రబ్బరు వాడేది కాదు. తప్పు గీత పడితే దాని పక్కన సరైన గీత వేసి ముందుకు వెళ్ళేది, రెండూ కనిపించేవి. ఎప్పుడూ మొదలు నుంచి పైకి వేసేది. అది కిందనుంచి పెరిగితే నేను పైనుంచి వేయడమేమిటనేది. పంట లేని వేసవిలో ఎండిన పత్తి కట్టె బొమ్మ వేసేది, మిరప కల్లంలో ఎండుతున్న కాయలు వేసేది. జ్వరం వచ్చిన రోజుల్లో పెరటి బెండ మొక్క వేసేది.

మొదటి పేజీలో ఆ కాండం దుమ్ములో పాము పోయిన జాడలా ఉంటుంది. చెయ్యి అంతలా వణికింది. నెల పేజీలు వరసగా తిప్పితే ఆ గీత నెమ్మదిగా నిలబడడం ఎవరికైనా కనిపిస్తుంది. సంక్రాంతి దాటేసరికి ఆకు ఈనెలు కూడా విడివిడిగా పడ్డాయి. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆమె నాకు మజ్జిగ పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు. నా భార్య ఆ రోజు కొట్టం తాళంచెవి మెడలోంచి తీసి మేకుకు తగిలించింది. ఎందుకు తీసిందో మేము మాట్లాడుకోలేదు.

పత్తి తీతకు వచ్చే ఆడవాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు. అన్నాల వేళ పుస్తకం లాక్కుని చూసేవారు. "పురుగుకు బొమ్మ వేస్తావు, పేనుకు బొమ్మ వేస్తావు, మేం కనబడలేదా అమ్మా నీకు?" అని ఒకామె దెప్పితే, "నీ నోరు ఒకచోట నిలిస్తే కదే, బొమ్మకు నిలవడానికి" అన్నది వదిన. అందరూ పొలమారేలా నవ్వారు. అన్నయ్య పోయాక ఆమె మాటకు జనం నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ నవ్వు విన్నాకే నాకు దుర్బుద్ధి పుట్టింది. ఆమె కుదుటపడింది, ఇక చెప్పవచ్చు అనుకున్నాను. నిజానికి కుదుటపడాలనుకున్నది నేను.

ఆమె బొమ్మలు మొదలుపెట్టిన ఐదో సంవత్సరం అది. ఒక ఉదయం ఆమె బొమ్మ వేస్తుండగా గట్టు దిగి వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆ రోజు మూడు మందులు కలిపాను వదినా, డాక్టరుకు రెండే చెప్పాను అని. ఆమె తల ఎత్తలేదు. మూడోది ఏదని మాత్రం అడిగింది. పేరు చెప్పాను. పెన్సిలు పుస్తకంలో పెట్టి మూసింది. గోనెసంచి మడిచి చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. కొడవలి అక్కడే మరిచిపోయింది.

నలభై ఒక్క రోజులు ఆమె బొమ్మ వేయలేదు. మూడో రోజుకే చేతి వణుకు తిరిగి వచ్చింది. పప్పు గిన్నె దించుతూ కాళ్ళ మీద పోసుకుంది. నా భార్యకు నేనే అంతా చెప్పాల్సి వచ్చింది. తాళంచెవి మళ్ళీ ఆమె మెడలోకి వెళ్ళింది. "మీకు బరువైతే గోడకు చెప్పుకోవాల్సింది. ఆమెకెందుకు చెప్పారు?" అన్నది.  కొట్టంలోని డబ్బాలన్నీ మూటగట్టి ఊరికి దూరంగా గొయ్యి తీసి పూడ్చి వచ్చాను. అయినా వదిన ఎక్కడ కూర్చుంటే అక్కడికి కనిపించేలా ఏదో ఒక పని పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఆమె పోతే అది రెండో చావు, రెండూ నా వల్లే.

నలభై రెండో రోజు ఉదయం ఆరు గంటలకు చేలోకి రమ్మని కబురు పంపింది. వెళ్ళేసరికి గోనెసంచి మీద కూర్చుని ఉంది, ఒడిలో పుస్తకం తెరిచి ఉంది. "ఆ రోజు జరిగింది వరసగా చెప్పు. గంటలతో సహా చెప్పు, నీకు అలవాటేగా" అన్నది.

చెప్పాను. ఆమె గీస్తూ మధ్యలో ఆపి అడిగేది, నేను మళ్ళీ చెప్పేవాణ్ణి. గాలి ఎటు నుంచి వీచింది, డ్రమ్ము ఎక్కడ ఉంది, ఆయన మూతికి కట్టుకున్నది ఏ తువ్వాలు, ఎన్నో సాలులో కూర్చున్నాడు. అన్నీ అడిగింది. చివరకు, "మూడోది పోస్తుంటే ఆయన చూశాడా?" అన్నది.

"చూశాడు."

"ఏమన్నాడు?"

"చదివేవాడివి, నీకు తెలుసులేరా అన్నాడు."

ఆమె చెయ్యి కాసేపు ఆగింది. మళ్ళీ సాగింది.

ఆ బొమ్మకు మూడు ఉదయాలు పట్టింది. పొలంబడి కాగితం మీద ఎలా వేసేవారో అలాగే వేసింది. మొక్క ఉండాల్సిన చోట, మధ్యలో, మా అన్నయ్య ఉన్నాడు. వీపున ట్యాంకుతో, సాలులో, మోకాళ్ళు పైకి పెట్టుకుని. కుడి పక్కన మూతికి కట్టుకున్న తువ్వాలు, సాయిబు గారి ట్రాక్టరు, పేర్లు రాసుకోవడానికి కలం పట్టుకున్న డాక్టరు. ఎడమ పక్కన ఎండ, ఎదురుగాలి, డ్రమ్ము, మూడు డబ్బాలు. వాటి పక్కన కర్ర పట్టుకుని నేను. అక్షింతల పురుగు పిల్ల ముళ్ళను ఎంత శ్రద్ధగా వేసేదో, నా చొక్కా గుండీలను అంత శ్రద్ధగానే వేసింది.

అడగకుండా ఉండవలసింది. అడిగాను. "నన్ను అటు పక్కన వేశావు వదినా."

"అటే ఉన్నావుగా."

"ఆసుపత్రి వరండాలో కూడానా?"

"అక్కడ మరీను."

కాకి ఒకటి మాకు దగ్గరలో వాలి లేచిపోయింది.  "మరి ఇవాళ?" అన్నాను.

ఆమె పేజీ తిప్పింది. పెన్సిలు ములుకు చూసుకుంది. "ఇవాళ్టి బొమ్మ ఇంకా వెయ్యలేదు. అవతలికి జరుగు, మొక్క మీద నీ నీడ పడుతోంది" అన్నది.

జరిగాను. ఆమె కింద నుంచి కాండం గీయడం మొదలుపెట్టింది. గీత వంకరగానే వచ్చింది. పది రోజులకు నిలిచింది.

ఆమె నన్ను క్షమించిందని రాస్తే ఈ స్మృతి చదివేవారికి తృప్తిగా ఉంటుంది. కానీ అది నేను అనుకున్నది అవుతుంది, చూసింది కాదు. నేను చూసింది ఇంతే. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం పెట్టింది. ఇంకా కావాలా అని అడగలేదు, వడ్డించింది. ఆ పేజీని చింపలేదు, దాచలేదు, ఎవరికీ చూపించలేదు. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. మునుపటికన్నా మాటలు తగ్గాయి. ప్రతి ఉదయం ఒక కొత్త పేజీ వేసింది. కొత్త విత్తనాలు వచ్చి పచ్చపురుగు కనబడకుండా పోయిన సంవత్సరాల్లో కూడా మానలేదు. ఇప్పుడు వేయడానికి ఏముందమ్మా అని సాయిబు గారు అడిగితే, లేదని కూడా చూడాలి కదండీ అన్నది.

ఈ పంటకాలం మొదట్లో ఆమె కాళ్ళు వాచాయి. నేల మీద కూర్చుంటే లేవలేక, చేతికర్ర పట్టుకుని చేలోకి వచ్చేది. గుంటూరులో పరీక్షలు చేసి మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. ఇంతకుముందు ఏ మందులు వాడిందని డాక్టరు అడిగారు. మంచం చుట్టూ నా భార్య, పొదిలి నుంచి వచ్చిన వదిన అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు ఉన్నారు. రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పికి ఆమె బిళ్ళలు మింగుతోంది. డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో అడిగి ఆ బిళ్ళలు తెచ్చి ఇచ్చింది నేనే. ఆ మాట అందరి ముందూ చెప్పాను. బిళ్ళల పేర్లు మూడు, రోజుకు ఎన్ని, ఎంతకాలం, తెచ్చింది ఎవరు. వరసగా చెప్పాను. వదిన పెద్దన్నయ్య నా వైపు తిరిగి చూసిన చూపును నేను మరిచిపోను. డాక్టరు రాసుకున్నారు. వాటి వల్లేనా అని అడిగితే, ఇప్పుడు చెప్పలేం అన్నారు.

వాళ్ళందరూ బయటికి వెళ్ళాక వదిన కళ్ళు తెరిచింది. "అన్నీ చెప్పావా?" అన్నది.

"అన్నీ చెప్పాను."

"ఊఁ" అన్నది. కాసేపటికి, "కిటికీ తెరువు" అన్నది. ఆ కిటికీ అవతల ఎదురు గోడ తప్ప ఏమీ లేదు. ఆమె ఆ గోడను చూస్తూ పడుకుంది. ఆ తరువాత ఆరు రోజులు బతికింది. పుస్తకం తెచ్చివ్వమంటావా అని రెండుసార్లు అడిగాను. చెయ్యి ఎత్తి చూపించింది. సూది గుచ్చి పట్టీ వేసి ఉంది.

ఈ చివరి పేజీ చేలో కూర్చుని రాస్తున్నాను. పెద్దకర్మ నిన్నటితో అయిపోయింది. తూర్పున మబ్బు కడుతోంది. పగిలిన కాయ తడిస్తే పత్తి రంగు మారుతుంది కనుక తీత ఆపడానికి లేదు. వదిన తన పుస్తకం మూసేదాకా చేలో ఎవరినీ అడుగు పెట్టనిచ్చేది కాదు. మొక్క కదిలితే పురుగు చెదురుతుందనేది. తీతకు వచ్చే ఆడవాళ్ళకు ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఇవాళ కూడా పన్నెండుమంది వచ్చి, చీర కొంగులతో ఒడులు కట్టుకుని, నా చేతిలో కాగితాలు చూసి గట్టు మీదే ఆగిపోయారు. దిగండమ్మా అన్నాను. ముందు నిలబడ్డ ఆమె, "రాసుకోండయ్యా. అయిపోయాకే దిగుతాం" అన్నది.

ఎప్పుడూ నోరు మూయని మనుషులు ఒక్క మాట లేకుండా వరసగా నిలబడి ఉన్నారు. ఆకుల మీది మంచు ఆరిపోతోంది. విచ్చుకున్న పత్తి కాయల్లోంచి కిందికి జారి వేలాడుతోంది, గాలికి కొంచెం కొంచెంగా ఊగుతోంది. ఒకామె చంకలోని ఖాళీ సంచి జారితే, చప్పుడు కాకుండా సర్దుకుంది.

ఉదయం ఏడు గంటల ఇరవై ఐదు నిమిషాలు.

మన్నెపల్లి వెంకట సుబ్బారాయుడు